మూడో అడుగు తర్వాత

హలో… ఆ, నేనే.

…మాధవీలతనే అండి. మాన్వి దాటాక కాలువ గట్టున ఆంధ్రావాళ్ల క్యాంపు ఉంది కదా, అక్కడి నుంచి. పొద్దున మీకు మెసేజ్ పెట్టింది నేనే.

…లేదు లేదు, చెప్పండి. పనిలో ఉన్నాను గానీ ఈ ఫోన్ కోసమే చూస్తున్నాను. చేతిలో చీటీ ఉంది, పక్కన పెడతాను…

పెళ్లి పనుల చీటీ. మా తమ్ముడి పెళ్లి. షామియానా వాళ్లకి గుర్తు చేయాలి, గడపకి పసుపు రాయాలి, మామిడాకులు కోయించాలి, వంటవాళ్లకి సిలిండర్లు చూడాలి, ఇడపనూరు నుంచి వచ్చే చుట్టాలకి పడకలు సర్దాలి, హారతి పళ్లెం తోమించాలి… అన్నీ అయిపోయాయి, కొట్టేశాను. రెండే మిగిలాయి. ఒకటి మీది. "రాయచూరు లోకనాథ్ గారు, రికార్డు" అని రాసుకున్నాను.

…రెండోదా? దాని సంగతి తర్వాత చెప్తాను.

…ఆ, ఆ ఫొటోలో ఉన్నదే. మీరు కొన్ని రికార్డులు కలిపి ఒకే లాటుగా పెట్టారు కదా. "గీతలు పడ్డవి, పాటకు పనికిరావు, గోడ గడియారాలు చేసుకునేవాళ్లకు" అని రాసి. అందులో కింది వరసలో ఎడమవైపుది. చిన్న రికార్డు. మంగళహారతి పాటలది.

…అమ్మేశారా?

…

ఎవరికండి?

…బెంగళూరు కాఫీ హోటలా. గోడకి కొట్టుకోవడానికి.

…ఇంకా పంపలేదు కదా. మీ దగ్గరే ఉంది కదా. సరే… సరే అండి. ఏం లేదు, కూర్చుంటున్నాను.

…అవునండి, అదే కావాలి.

…మీకు సరిగానే అర్థమైంది. గీతలు పడ్డదే.

…నవ్వండి, పర్వాలేదు. మీరు నయం. "ఏందమ్మా, గీకిన రికార్డు ఏం చేస్కుంటవ్" అని నవ్వి ఊరుకున్నారు. మిగతావాళ్లు కోప్పడ్డారు. ఆన్‌లైన్లో ఈ రికార్డు ఎవరు అమ్మకానికి పెట్టినా నేను ఒకటే అడిగాను. మొదటి పాటలో "అడుగు" అన్నచోట ప్లేయరు ముల్లు ఇరుక్కుంటుందా అని. హైదరాబాద్ ఆయనైతే, మేడమ్, మేం అట్లాంటి సరుకు ముట్టుకోం, నేను వీజీ ప్లస్ అన్నానంటే వీజీ ప్లస్సే అని పెద్ద మెసేజ్ పెట్టాడు. గీత లేదని ఒట్టేశాడు. అయితే నాకొద్దండి అన్నాను. మళ్లీ జవాబు ఇవ్వలేదు.

…తెలుసండి, వీజీ ప్లస్ అంటే చాలా బాగున్నదని ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియదు. కూర్చుని నేర్చుకున్నాను. కొత్తదానిలా ఉన్నది, చాలా బాగున్నది, ఏదోలా పాడేది, పాడనిది, అదే కదా మీ వరస. ఫ్లాష్ వేసి తీసిన ఫొటో నమ్మకూడదని, మధ్య రంధ్రం చుట్టూ కాగితం గీరుకుపోయి ఉంటే ఎక్కువసార్లు వేసినట్టని, అంచు మీద వేలితో రాస్తే వంకర తెలుస్తుందని… మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కదాన్నే. ఏది కొత్తగా నేర్చుకోవాలన్నా నన్నే కూర్చోబెడతారు.

…వద్దండి. మీ దగ్గర మంచి కాపీ ఉన్నా వద్దు. మీరు మంచి మనసుతో అంటున్నారు, నాకు తెలుసు. మంచివి నా దగ్గర ఇప్పటికే మూడున్నాయి. ఫొటోల్లో గీతలున్నాయనుకుని కొన్నాను, వచ్చాక చూస్తే మూడూ అద్దాల్లా ఉన్నాయి. అదే బాధ.

…చెప్తాను. మొదటిది వచ్చినరోజు అమ్మ, చుట్టుపక్కల ఆడవాళ్లు వరండాలో కూర్చున్నారు. మాన్వి నుంచి పాత ప్లేయరు ఒకటి తెచ్చి బాగుచేయించాను. పాట మొదలైంది. "పచ్చని గడపలో అడుగు" అంది రికార్డు. వీళ్లూ అన్నారు. వీళ్లు రెండోసారి "అడుగు" అనేలోపల రికార్డు "పెట్టవమ్మ" అనేసి ముందుకెళ్లిపోయింది. అందరూ నోళ్లు మూసుకున్నారు. అదొక్కటే పాడుకుంటూ పోయింది. ఖాళీ ఇంట్లో ఎవరో పాడుతున్నట్టుంది. అమ్మ లేచింది. ఇది మన పాట కాదు, ఇంకెవరిదో, అని లోపలికి వెళ్లిపోయింది.

…ఆ. మాకు మూడుసార్లు. మా క్యాంపులో ఆ పాట వచ్చినవాళ్లెవరూ ఒక్కసారి "అడుగు" అని ఊరుకోరు. మూడుసార్లు అంటారు, ఆగుతారు, "టక్" అని వినపడ్డాక అప్పుడు "పెట్టవమ్మ" అంటారు. పాటే అంత అనుకున్నాను నేను కూడా. రాయచూరులో కాలేజీలో చేరాక, హాస్టల్లో ఒకమ్మాయి ఫోన్‌లో ఆ పాట పెట్టింది. ఇది తప్పుగా పాడారు, రెండు అడుగులు మింగేశారు అని ఆ అమ్మాయితో అన్నం మానేసి వాదించాను.

…నవ్వొస్తుంది కదా. నాకూ వచ్చేది.

…చూస్తారా? ఇప్పుడేనా? …సరే అండి. ఉంటాను. నిదానంగా వెతకండి.

…

…

ఆ, ఉన్నాను. దొరికిందా. …కవరు లేదా? ఉండదు. మా దగ్గర ఉన్నప్పుడూ లేదు. ముందు మధ్యలో కాగితం చూడండి. రంధ్రానికి పైన ఎర్రచుక్క… ఉంది. అది గోళ్ల రంగు. అమ్మది. హారతి పాట ఏ వైపుందో చీకట్లో కూడా తెలియడానికి నాన్న పెట్టుకున్న గుర్తు. మీ ఫొటో పెద్దది చేస్తే అదే కనిపించింది నాకు.

…అవునండి, చుక్కలు ఎవరైనా పెడతారు. మైక్‌సెట్ వాళ్లందరికీ ఆ అలవాటుంది. అందుకే అడుగుతున్నాను. ట్యూబ్‌లైటు కింద వద్దు, గుమ్మం దగ్గరకి వెళ్లండి. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేచోట కొంచెం వంచి పట్టుకుంటే… మీకు నేను చెప్పడమేంటి. మీరు రోజూ చేసే పనే.

…వెంట్రుకల్లాంటి గీతలు వదిలేయండి. లోతుగా ఉన్నవి ఎన్ని?

…మూడు.

…ఒకచోట మొదలై, విడిపోయి… ఆ. ఆ. ఏదో పక్షి కాలు పెట్టినట్టుందా.

…కోడండి. అది కోడి కాలే.

…లేదు, వెక్కిరించడం లేదు. నిజంగానే కోడి. మీకు టైముందా? …మా నాన్న పేరు యలమందయ్య. క్యాంపులో మొట్టమొదటి మైక్‌సెట్ ఆయనదే. తాతయ్యావాళ్లు గుంటూరు వైపు నుంచి ఎడ్లని తోలుకుని, నాగలి మోసుకుని వస్తే, నాన్నకి మాత్రం వరి కంటే పాట మీద మనసు. రెండు హార్న్‌లు, యాంప్లిఫయరు, ఒక లారీ బ్యాటరీ, ఈ ప్లేయరు. ఎవరింట్లో పెళ్లయినా ముందురోజే వెళ్లి వేపచెట్టెక్కి హార్న్ కట్టేవాడు. తన పెళ్లికి కూడా తనే ఎక్కి కట్టుకున్నాడు. ఇంకెవరున్నారు?

…ఆ, పెళ్లికొడుకే. నలుగుపిండి ఇంకా ఆరలేదట ఒంటిమీద.

పెళ్లయి అమ్మని తీసుకొచ్చారు. ఇద్దరూ గుమ్మం బయట నిలబడ్డారు. కొంగుముడి వేసి ఉంది. ప్లేయరు గుమ్మం లోపల, పక్కమూలన, స్టూలు మీద. హారతి పాట మొదలైంది. అమ్మ కుడికాలు ఎత్తింది. అప్పుడు అక్షింతలు వేశారు. సగం వీళ్ల నెత్తిన పడ్డాయి, సగం తిరుగుతున్న రికార్డు మీద పడ్డాయి. బియ్యపు గింజలు గిరగిరా తిరుగుతుంటే కోడి చూస్తూ ఊరుకుంటుందా?

…ఎగిరి ఎక్కింది. తోలారు. అది పోయింది గానీ ముల్లు ఇరుక్కుంది. "అడుగు". "అడుగు". "అడుగు". హార్న్‌లో క్యాంపంతా వినపడుతోంది. అమ్మ ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంది. లోపల పెట్టాలో, వెనక్కి తీయాలో తెలియదు పాపం. నాన్న వంగి, చెయ్యి చాపి, గోటితో ముల్లుకి చిన్న దెబ్బ వేశాడు. టక్. ఆయన వంగేసరికి కొంగుముడి లాగింది. ఆ లాగుడికి అమ్మ అడుగు లోపల పడింది. "పెట్టవమ్మ" అంది రికార్డు. సరిగ్గా అప్పుడే.

…నవ్వారట అందరూ. అపశకునం అన్నవాళ్లూ ఉన్నారు. ఒక పెద్దావిడ మాత్రం, లక్ష్మి ఒక్కసారి పిలిస్తే వస్తుందా, మూడుసార్లు పిలిచి చెయ్యిపట్టి లాగాలి అందట. మా అమ్మ పేరు కూడా లక్ష్మీతిరుపతమ్మ. అంతే, అదే ఆచారమైపోయింది. తర్వాత ఏ ఇంట్లో కోడలు గడప తొక్కినా ఈ రికార్డే, ఈ గీతే. నాన్న మూడో అడుగు దాకా ఆగేవాడు. తర్వాత గోటితో టక్. కోడలు ఆ టక్ వినపడ్డాకే అడుగు లోపల పెట్టాలి. ముందు పెట్టకూడదు.

…లేదు, ఎవరూ ఎత్తుకుపోలేదు. క్యాసెట్లు వచ్చాక నాన్నే ప్లేయరు, రికార్డులు రాయచూరులో ఎవరికో ఇచ్చి టేప్ డెక్కు తెచ్చుకున్నాడు. …మీ నాన్నగారి దుకాణంలోనేమో అంటారా? ఏమో. అయ్యుండొచ్చు. నేను అప్పటికి పుట్టలేదు.

…అదే చెప్తున్నాను. రికార్డు పోయింది గానీ టక్ పోలేదు. ఆడవాళ్లు నోటితో పాడేవాళ్లు. నాన్న అదే మూల, స్టూలు వేసుకుని కూర్చుని, మూడో అడుగు కాగానే స్టీలు గ్లాసు మీద గోటితో కొట్టేవాడు. పెద్ద పెద్ద డీజే బాక్సులు వచ్చాయా, ఆ ఒక్క నిమిషం వాటిని ఆపించేవాళ్లు. ఆ డీజే పిల్లలు కూడా నాన్నకి దండం పెట్టి ఆపేవాళ్లు.

…లేడండి. పోయిన ఏడాది, నాట్లప్పుడు. పొలం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు అడిగాడు. తెచ్చేలోపల అయిపోయింది.

…

…ఆ, టక్ కొట్టే గ్లాసులోనే తెచ్చాం. అది కిటికీలో ఉంది. ఎవరూ తీయరు. వడ్ల ట్రాక్టరు వీధిలోంచి వెళ్తే కిటికీ అదిరి, గ్లాసు ఊచకి తగులుతుంది. టక్ మంటుంది. అందరం మూలవైపు చూస్తాం. చూశాక ఒకరి ముఖం ఒకరం చూసుకోం.

…అది అలవాటే అంటారు మీరు. నేనూ అట్లాగే అనుకుని సర్దుకున్నాను. బాపయ్య గారింట్లో పెళ్లి అయ్యేదాకా.

…పక్కిల్లే. నాన్న పోయాక క్యాంపులో మొదటి పెళ్లి. అలవాటుకొద్దీ ఎవరో మూలన స్టూలు వేసి ఉంచారు. కోడలు గుమ్మం ముందు నిలబడింది. ఆడవాళ్లు అందుకున్నారు. అడుగు, అడుగు, అడుగు. ఆగారు. ఎవరూ ముందు అనుకోలేదండి. టక్ వినపడాలి కదా, దానికోసం ఆగారు. వినపడలేదు. ఆ పిల్ల కాలు ఎత్తి ఉంది. అందరం ఖాళీ స్టూలు వైపు చూస్తున్నాం. పళ్లెంలో కర్పూరం కాలి కాలి ఆరిపోయింది. ఆ పిల్ల మెల్లగా కాలు వెనక్కి తీసి, బయటే దించేసింది.

…తర్వాత ఎవరో చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లారు. పాట లేకుండా. బాపయ్య గారి భార్య ఇప్పటికీ అంటుంది, కోడలు ఇంట్లోకైతే వచ్చింది గానీ గడప దాటలేదేమోనమ్మా అని. ఆ పిల్ల బాగానే ఉంది. వండుతుంది, నవ్వుతుంది. కానీ ఆ గుమ్మం దగ్గరకి వచ్చినప్పుడల్లా ఒక్క క్షణం ఆగుతుంది. నేను చూశాను.

…ఎవరో ఒకరు కొట్టొచ్చు కదా అంటారు. కొట్టాడు. మా తమ్ముడు నిఖిలేశ్ పోయిన వారం ఆ గ్లాసు తీసుకుని, స్టూలు మీద కూర్చుని, ఆడవాళ్లని పాడమని, తను కొట్టాడు. ఒక్కరికీ "పెట్టవమ్మ" అని నోరు రాలేదు. వాడు మళ్లీ కొట్టాడు. బాబూ, ఆ గ్లాసు అక్కడ పెట్టెయ్ అంది అమ్మ. పెట్టేశాడు.

…అవును, వాడి పెళ్లే ఇప్పుడు. బుధవారం ఇడపనూరులో పెళ్లి. గురువారం పొద్దున ఆ అమ్మాయి మా గడప తొక్కాలి. సౌభాగ్య. కన్నడంవాళ్లు. వీడంటే ఇష్టపడి, ఇంట్లో ఒప్పించుకుని చేసుకుంటోంది. పాట మొత్తం నా దగ్గర ఫోన్‌లోనే నేర్చుకుంది. "మూరు సలనా, మూడుసార్లేనా వదినా అడుగు అనేది? మరి టక్ ఎవరు అంటారు?" అని అడిగింది. సిగ్నల్ పోతోందని చెప్పి పెట్టేశాను.

…అమ్మా? అమ్మ ఆ సమయానికి వెనక గదిలో ఉంటానంది.

…మీ వైపూ ఉంటుంది కదా ఆ పట్టింపు. భర్త పోయినావిడ హారతికి ఎదురు రాకూడదని. ఆమెతో ఎవరూ అనలేదండి. అనాల్సిన అవసరం రానివ్వలేదు. నేను చీటీ రాస్తుంటే పక్కన కూర్చుని, అది కూడా రాయి అంది. "అమ్మకి వెనక గదిలో మంచం వేయాలి." చీటీలో కొట్టేయనిది అదే. మీరు అడిగిన రెండోది.

…

…వేస్తారా? మీ ప్లేయరు మీదా? గీత పడ్డదానికి మంచి ముల్లు పెట్టనని మీరు పేజీలో రాశారు కదా. …థ్యాంక్సండి. ఆగండి, తలుపు వేసుకుంటాను. వరండాలో పిండి దంచుతున్నారు. అదో కాదో తెలియకుండా వాళ్ల చెవిన పడకూడదు.

…వేశాను. ఫోన్ స్పీకర్ దగ్గర పెట్టండి.

…

…గరగర. ఆ, దుమ్మేలెండి.

…ఆ గొంతే. మా మూడింట్లోనూ ఉన్నది ఈవిడే…

…

అడుగు.

అడుగు.

అడుగు.

…

…అడుగు.

లోకనాథ్ గారూ.

…ఆపకండి. ఆపకండి, భయమేం లేదు. అంటే… మీకెట్లా చెప్పాలి. ఈ నాలుగోది నేనెప్పుడూ వినలేదు. మా క్యాంపులో ఎవరూ వినలేదు. మూడు దాటాక కూడా ఇది ఉంటుందని తెలియదు నాకు. ఎవరూ రాకపోతే ఇది ఇట్లాగే పిలుస్తుందా? …పిలుస్తూనే ఉంది కదా. వినండి. ఇన్నేళ్లు చీకట్లో మీ పెట్టెలో ఉన్నప్పుడూ ఈ మాట దగ్గరే ఆగి ఉందా ఇది…

…ఏడవడం లేదండి. వింటున్నాను.

…మీరు కొడతారా? తిరుగుతున్నదాన్ని ముట్టుకోరు మీరు, నాకు తెలుసు. ఈ ఒక్కసారికి. గోటితోనే. మధ్యవేలు. పైనుంచి కాదు, పక్కనుంచి, ఈగని తోలినట్టు.

…జారిపోయిందా. పాట చివరికే వెళ్లిపోయింది. పర్వాలేదు, గట్టిగా తగిలింది. మళ్లీ మొదటి నుంచి వేయండి. ఈసారి మూడో అడుగు అయ్యాక నేను చెప్తాను.

…

అడుగు.

అడుగు.

అడుగు… ఇప్పుడు.

…

…విన్నారా?

…ఆ టక్. మీ గోరు కాదండి అది. మీ గోరు చప్పుడు ముందే వచ్చింది, చిన్నగా. ఇది పాట వచ్చిన దారిలోనే వచ్చింది. రికార్డులోంచి.

…ఏమన్నారు? …గుంటా? …ముల్లు దూకి పడేచోట. ఎప్పుడూ ఒకేచోట దూకి, అక్కడే పడి పడి, సూదిమొనంత గుంట అయిందా. దాన్ని దాటేటప్పుడు వచ్చే చప్పుడా ఇది.

…మీరు ముందే విన్నారా దీన్ని? కొన్నరోజునే? …"ఇరుక్కున్నాక పెద్ద చప్పుడు, ఇంకో లోపం" అని రాసుకున్నారా.

…మీరేం తప్పు చేయలేదండి. మీ లెక్కలో లోపమే అది. నేనైనా అట్లాగే రాసేదాన్ని.

ఆయనదండి. అన్ని పెళ్లిళ్లూ ఆ గుంటలోనే ఉన్నాయి.

…

…ఒక్క నిమిషం. ఎవరో తలుపు కొడుతున్నారు… అమ్మా? …ఏం లేదమ్మా, ఫోన్ మాట్లాడుతున్నాను… తీస్తున్నా, ఆగు.

…లోకనాథ్ గారూ, అమ్మ. తలుపు వేసే ఉందండి. బయట రోకటి పోటు. అందులో కూడా ఆవిడకి వినపడింది. ఎవరు కొట్టారు అని అడుగుతోంది.

…ఏం చెప్పను?

…ఇంకోసారి వేయండి. అదే చెప్తుంది… అమ్మా, కూర్చో. ఇట్లా రా, ఫోన్ దగ్గరకి. మాట్లాడకు. విను.

…

…

…

విందండి. "అడుగు" అన్నప్పుడల్లా కుడికాలి వేలు నేలమీద కదిలింది. మూడోది కాగానే, మంచం పట్టె మీద గోటితో టక్ మని కొట్టింది. మీరు కొట్టకముందే. రికార్డులో టక్, ఆవిడ టక్, రెండూ ఒకటే చప్పుడు. మీరు మాత్రం కాస్త వెనక పడ్డారట. ఎవరో కొత్తవాడిలా ఉన్నాడు, చెయ్యి తిరగలేదు అంటోంది.

…చెప్తాను. అమ్మా, నేర్చుకుంటానంటున్నారు.

…బయట రోకళ్లు ఆగిపోయాయండి. అందరూ గుమ్మం దగ్గరకి వచ్చి నిలబడ్డారు. బాపయ్య గారి భార్య కూడా. ఎవరూ లోపలికి రావడం లేదు.

…ఏంటి? …గురువారం ముల్లుని ఎవరు కొడతారనా?

…

నిఖిలేశ్ అయితే గుమ్మం బయట కొంగుముడితో ఉంటాడు. నేను ఆడపడుచుని, గుమ్మానికి అడ్డంగా నిలబడి ఇద్దరిచేత పేర్లు చెప్పించాలి. మిగతావాళ్లకి చెయ్యి తిరగదు. మీ చేతి సంగతి ఇప్పుడే తేలిపోయింది…

…

…అమ్మేనంటారా? కానీ ఆవిడ హారతికి…

…మూల. అవును. గుమ్మానికి ఎదురు కాదు కదా అది. మైక్‌సెట్ మూల. అక్కడ కూర్చునేవాళ్లు హారతికి ఎదురు రారు. పక్కన ఉంటారు. అక్కడ కూర్చున్నవాళ్ల బొట్టు ఎవరూ చూడరు. నాన్న చిరిగిన బనీనుతో కూర్చున్నా ఎవరూ ఏమీ అనలేదు.

…అమ్మా. గురువారం నాన్న స్టూలు మీద కూర్చుంటావా? ముల్లు కొట్టడానికి. …ఊరికే కాదమ్మా, మైక్‌సెట్ పని. పనికి మనిషి కావాలి.

…

…గుమ్మంలో ఉన్న ఆవిడ అంటోందండి. బాపయ్య గారి భార్య. "కూర్చో లక్ష్మీ. నువ్వు కొట్టాక మా కోడల్ని కూడా తీసుకొస్తా. దానికి కూడా ఒకసారి కొట్టు" అంటోంది.

…అమ్మ లేచింది. కిటికీలోంచి గ్లాసు తీసింది. లోపల దుమ్ము పట్టింది, కొంగుతో తుడుస్తోంది.

…ఆగండి, పెన్ను… చీటీ ఎక్కడ పెట్టాను… ఆ. "అమ్మకి వెనక గదిలో మంచం." కొట్టేశాను.

…ఆ, చెప్పండి. …అదీ నిజమే. మీ ప్లేయరు మీద ఇరుక్కుంది, మా దానిమీద ఇరుక్కోకుండా దాటేస్తే? నేను అనుకోలేదు ఆ మాట. ముల్లు బరువుని బట్టి మారుతుందా. …మీ ప్లేయరే తెస్తారా? అంత దూరమా? …రండి. తప్పకుండా రండి. ఇదే పిలుపు అనుకోండి, మళ్లీ బొట్టుపెట్టి పిలవలేదనకండి. బుధవారం రాత్రికే వస్తే పడక సర్దుతాను, చీటీలో రాస్తున్నాను. బస్సులో ఒళ్లో పెట్టుకోండి. ఇంజిను పక్కసీటు వద్దు, వేడికి వంగిపోతుంది.

…ఇంకోటి. పంపేముందు మీరు రికార్డులు సబ్బునీళ్లతో కడుగుతారట కదా. దీన్ని కడగకండి.

…ఆ హోటలాయనకి మిగతావి పంపండి. ఒక మేకు ఖాళీగా ఉంటుందంటే మా మూడు మంచివాటిలో ఒకటి ఇస్తాను, కొట్టుకోమనండి. …మనసొప్పదా మీకు? కొత్తదానిలా ఉన్నదానికి మేకు కొడతారా అంటారా. సరే, అయితే మూడూ మీరే ఉంచుకోండి. నాకు వాటితో పనిలేదు.

…ఉంటానండి మరి. ఇక్కడ అందరూ మళ్లీ వినిపించమంటున్నారు…

పెట్టేసేముందు ఒక్కమాట. మీరు ప్రతి రికార్డు మీద చిన్న కాగితం అంటిస్తారు కదా, ఎట్లా ఉందో రాసి. దీనిమీద ఏం రాస్తారు?

…"పాడదు" అనా.

అది రాయకండి. యలమందయ్య అని రాయండి. …ఆ, అంతే. ఇంటిపేరు అక్కర్లేదు.

ఇంకెప్పుడైనా మీ దగ్గర ఏదో రికార్డు ఒకేమాట దగ్గర ఇరుక్కుంటే, వెంటనే తీసి పెట్టెలో పడేయకండి. మూడుసార్లు వినండి. విని, ఫలానా క్యాంపులో యలమందయ్య అని ఒక మైక్‌సెట్ ఆయన ఉండేవాడు అని ఒక్కసారి తలుచుకోండి. మీరే కాదు. ఈ మాట ఎవరి చెవిన పడితే వాళ్లని… తలుచుకోమనండి.